అడిగి తినేవాళ్లు

హోటల్లో కూచుని ఏమీ అడక్కుండా తినగలిగేవాడు మెజారిటీ. అడిగి తినాల్సి వచ్చినవాడు మైనారిటీ. జనాభా లెక్కలకన్నా, ఓట్ల లెక్కలకన్నా ఈ లెక్కే మాకు బాగా తెలుసు. ఇది పుస్తకాల్లో చదివింది కాదు. నోటికీ కడుపుకీ తెలిసిన లెక్క.

హైవే పక్కన బస్సు ఆగుతుంది. అందరూ దిగి బిర్యానీ చెప్తారు. మేము మాత్రం కౌంటర్ దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడుగుతాం. "అన్నా, చికెన్ హలాలేనా?" గొంతు ఎందుకు తగ్గిస్తాం? మేం చేసేది దొంగతనం కాదు, తప్పూ కాదు. తినేదేమిటో తెలుసుకుంటున్నాం, అంతే. అయినా గొంతు దానంతటదే తగ్గుతుంది. కౌంటర్ మీది మనిషి తలెత్తకుండా "హలాలే" అంటాడు, లేదా "ఏమో తెల్వది" అంటాడు. ఈమధ్య కొన్నిచోట్ల ఏమీ అనకుండా ఎగాదిగా చూస్తున్నాడు. ఆ చూపు తర్వాత హలాల్ అయినా గొంతు దిగదు. పప్పన్నమో, ఆమ్లెట్టో తిని లేస్తాం. మాంసం తినేవాళ్లుగా పేరు మోసిన మేము ప్రయాణాల్లో దాదాపు శాకాహారులమన్న సంగతి ఈ దేశంలో ఎంతమందికి తెలుసు?

ఈ అలవాటుతోనే మావాళ్లు గల్ఫ్‌కి పోయారు. 1970ల్లో నూనె ధరలు పెరిగి అక్కడ పనులు మొదలైన దగ్గర్నుంచీ పోతూనే ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి. విమానం దిగినవాడికి ఎండ కొత్త, ఇసుక కొత్త, కఫీల్ కొత్త. వీటన్నిటినీ మించి కొత్త సంగతి ఇంకొకటుంది. ఏ హోటల్లోకి పోయినా అడగనక్కర్లేదు. బిస్మిల్లా అని చెయ్యి పెట్టడమే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కౌంటర్ దగ్గర నిలబడకుండా నేరుగా పోయి కుర్చీలో కూచున్నారు. ఇది రుచికి సంబంధించిన సంగతి కాదు. భుజాలు తేలికవడానికి సంబంధించిన సంగతి. మెజారిటీగా ఉండటమంటే ఇదేనన్నమాట అని అప్పుడు తెలిసింది. మెజారిటీవాడికి తాను మెజారిటీనని రోజూ గుర్తుండదు. భుజం మీద బరువు లేనివాడికి భుజం ఉన్నట్టే తోచదు కదా.

అయితే అదే బల్ల దగ్గర పక్క కుర్చీలో ఇంకొకడున్నాడు. అదే జిల్లావాడు, అదే ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టినవాడు, అదే గదిలో పై మంచం మీద పడుకునేవాడు. హిందువు. వాడు వెయిటర్ని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి అడుగుతున్నాడు. "భాయ్, ఇందులో బీఫ్ ఉందా?"

అదే గొంతు. మేము హైవే మీద తగ్గించిన గొంతే.

ఈ వ్యాసం ఆ గొంతు గురించి. దేశం మారితే కుర్చీలు మారాయి. అడిగేవాడి పక్కన కూచున్న అడగనక్కర్లేనివాడి ధర్మం ఏమిటి? ముస్లిం దేశంలో ముస్లింగా కూచున్నప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే, మన దేశంలో ముస్లింగా మేము వేసే ప్రశ్నలకు విలువుండదు.

ముందు ఆ పక్క కుర్చీవాడి కష్టమేమిటో చూద్దాం. హిందువు అనగానే శాకాహారి అనుకోవడం ఒక మూఢనమ్మకం. 2014 నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లేనని తేలింది. కాబట్టి గల్ఫ్ హోటల్లో మన తెలుగు హిందువు అడిగే ప్రశ్నలు రకరకాలు. ఎక్కువమందికి గొడ్డుమాంసం కూడదు. కొందరికి శనివారం నీసు కూడదు. కొందరికి కార్తీకమాసం, ఇంకొందరికి అయ్యప్ప మాల. కొద్దిమందికి ఏనాడూ ఏ మాంసమూ కూడదు. దళిత మిత్రుల్లో కొందరికి గొడ్డుమాంసం ఇంటి కూరే. ఊళ్లో దాచుకుని తిన్నది ఇక్కడ బల్ల మీద పెట్టుకుని తింటున్నాం అని వాళ్లు సంతోషించడమూ ఉంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే ఎంత గొడవ అయిందో గుర్తున్నవాళ్లకు ఆ సంతోషం అర్థమవుతుంది.

అసలు శాకాహారికి అరబ్బు భోజనం దొరకదనుకోవడం కూడా తప్పే. సెనగలు రుబ్బి చేసిన ఫలాఫెల్, హమ్ముస్, బాకలా గింజలు ఉడికించిన ఫూల్, మసూరుపప్పూ బియ్యమూ కలిపి వండే ముజద్దరా, ఫత్తూష్, తబ్బూలె, వేడి ఖుబుజ్. ఇవి వందల ఏళ్లుగా పేద అరబ్బుల కడుపు నింపిన తిండి. వీటిలో మాంసం లేదు. అసలు చిక్కు ప్రశ్న దగ్గర, మాట దగ్గర వస్తుంది. మనవాడు నాలుగు ముక్కలు నేర్చుకుని "బిదూన్ లహమ్" అంటాడు, అంటే మాంసం లేకుండా అని. వెయిటర్ తలూపి కోడి వేసిన అన్నం తెచ్చి పెడతాడు. అందులో మోసం లేదు. అక్కడి వాడుకలో లహమ్ అంటే మేక, గొర్రె, ఒంటె, ఎద్దు మాంసం. కోడి దజాజ్, అది వేరే. చేప సమక్, అదింకా వేరే. మన "నీసు" అనే మాటలో ఇవన్నీ వస్తాయి. వాడి లహమ్‌లో రావు. పప్పు సూప్ అంటారు, అది కోడి ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. మచ్‌బూస్‌లో ముక్కలు తీసేసి అన్నం పెట్టమంటే పెడతారు, కానీ ఆ అన్నం ఉడికిందే మాంసం నీళ్లలో. "ముక్కలు పక్కన పెట్టి తినెయ్, ఏమవుతుంది?" అంటారు ప్రేమగానే.

ఈ "ఏమవుతుంది?" మాకు బాగా పరిచయమైన మాట. ఇక్కడ మమ్మల్ని అడిగే మాట అదే. హలాల్ కాకపోతే ఏమవుతుంది? రుచి మారుతుందా? రుచి మారదు. మాకూ తెలుసు. గొడ్డుమాంసం నీళ్లలో ఉడికిన అన్నం తింటే అతనికీ వాంతి కాకపోవచ్చు. అయినా ఒకడి నియమాన్ని ఇంకొకడు వాడి తరపున సడలించలేడు. నియమం అనేది మనిషి తనకు తాను వేసుకున్న కట్టు. దాన్ని విప్పే హక్కు కట్టుకున్నవాడికే ఉంది.

ఇక్కడ మా ధర్మంలోని రెండు సంగతులు చెప్పాలి. లౌకిక మిత్రులు విసుక్కోకుండా వినాలి.

ప్రవక్త ముందు ఒకసారి కాల్చిన ఉడుమును పెట్టారని హదీసుల్లో ఉంది. చాపిన చెయ్యి ఆయన వెనక్కి తీసుకున్నారు. ఇది హరామా అని ఖాలిద్ బిన్ వలీద్ అడిగారు. కాదు, ఇది మా వాళ్ల నేలమీద లేదు, అందుకని నాకు సయించదు అన్నది ఆయన జవాబు సారాంశం. ఖాలిద్ ఆ పళ్లెం తనవైపు లాక్కుని ఆయన చూస్తుండగానే తిన్నారు. ఆయన వద్దనలేదు. ఇందులో ఎంత పెద్ద నీతి ఉందో చూడండి. "నేను తినను" వేరు, "నువ్వు తినకూడదు" వేరు. సాక్షాత్తూ ప్రవక్తే తనకు సయించనిదాన్ని పక్కవాడికి నిషేధం చెయ్యలేదు. పక్కవాడు తింటుంటే లేచి పోనూ లేదు.

రెండోది. కొత్తగా ఇస్లాం తీసుకున్నవాళ్లు మాంసం తెచ్చిస్తున్నారు, వాళ్లు అల్లా పేరు తలిచి కోశారో లేదో తెలియదు, ఏం చెయ్యాలని కొందరు అడిగారు. మీరే ఆ పేరు తలుచుకుని తినండి అని ఆయన చెప్పినట్టు బీబీ ఆయిషా చెప్పిన హదీసు ఉంది. అంటే అడగడానికీ ఒక హద్దుంది. ప్రతి ముద్ద వెనకా కూపీ లాగడం భక్తి కాదు. ఖురాన్ అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రాణం మీదికి వచ్చినవాడు తప్పనిసరై నిషిద్ధమైనది తిన్నా పాపం లేదంటుంది. ఆ గ్రంథంలో అయిదో అధ్యాయం పేరే మాయిదా, అంటే వడ్డించిన భోజనం. యూదుల, క్రైస్తవుల భోజనం మీకు ధర్మసమ్మతమే, మీది వాళ్లకు ధర్మసమ్మతమే అని చెప్పింది ఆ అధ్యాయంలోనే. నియమాలు పెట్టిన చోటనే పంక్తి కూడా వేసిందన్నమాట.

గల్ఫ్ మాకు నేర్పిన ఇంకో పాఠం ఏమిటంటే, ముస్లిం దేశంలో కూడా ముస్లిం ఒక్కడు కాదు. మా తెలుగు ముస్లింలు చాలావరకు హనఫీలు. సముద్రంలో దొరికేవాటిలో చేప తప్ప మిగతావి కూడదన్నది హనఫీ పండితుల మాట. పీతల్ని కూడదంటారు. రొయ్యల దగ్గర అభిప్రాయాలు చీలుతాయి. కువైట్‌లో రుబియాన్ అని రొయ్యలతో మచ్‌బూస్ వండుకుని పండగలా తింటారు. మిగతా మజ్‌హబ్‌లలో సముద్రపు తిండికి పెద్దగా అడ్డే లేదు. హంబలీ మజ్‌హబ్‌లో ఒంటె మాంసం తిన్నాక నమాజుకు మళ్లీ వుజూ చెయ్యాలి. మాకు అక్కర్లేదు. బ్రెజిల్ నుంచి గడ్డకట్టి వచ్చే కోడి మీద హలాల్ ముద్ర ఉంటుంది. అయినా మిషను కోసిందా, మనిషి కోశాడా అని అడిగే తబ్లీగీ భాయ్ ఒకడు ప్రతి మెస్సులోనూ ఉంటాడు. అందరూ ముస్లింలయిన బల్ల దగ్గర కూడా అడిగేవాడు ఒకడు మిగులుతాడు. మైనారిటీ అనేది ఒక మతం పేరు కాదు. బల్ల దగ్గర ఎవడికైనా తగలగల వంతు.

ఇంకా ఒకటుంది. హలాల్ అంతా దొరికింది, కడుపు నిండింది. నాలుక మాత్రం నిండలేదు. వారం తిరక్కుండా మావాళ్లు వెతికింది చింతపండు. ఖట్టీ దాల్, మిర్చీ కా సాలన్, పచ్చిపులుసు, గోంగూర, ఊరగాయ. ఇవి లేని పూట అన్నం తిన్నట్టుండదు. అరబ్బు దుకాణంలో చింతపండు కావాలంటే ఏమని అడగాలి? "తమర్ హిందీ" అనాలి. హిందూ దేశపు ఖర్జూరం అని దానర్థం. ఇంగ్లీషువాడి టామరిండ్ పుట్టింది ఆ మాటలోంచే. రంజాన్‌లో దాంతో వాళ్లు షర్బత్ చేసుకుంటారు. ఆ దుకాణంవాడు చింతపండునే కాదు, మమ్మల్నీ ఆ పేరుతోనే పిలుస్తాడు. "హిందీ". గడ్డం చూసినా, నమాజు మచ్చ చూసినా, పేరు అడిగి తెలుసుకున్నా మేము వాడికి హిందీలమే. పక్క మంచం మీది హిందువూ హిందీయే. ఇక్కడేమో మమ్మల్ని అరబ్బు దేశానికి పొమ్మంటారు. పోతే అరబ్బువాడు మమ్మల్ని చూసి చెప్పేది, మీరు ఆ చింతపండు దేశంవాళ్లు అని. మా అస్తిత్వం గురించి ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. మా ఖిబ్లా అటువైపు ఉంది, మా పులుపు ఇటువైపు ఉంది. ఈ రెంటికీ తగవేముంది?

మళ్లీ ప్రశ్న దగ్గరికి వద్దాం. తినేముందు మనిషి రెండు రకాల ప్రశ్నలు వెయ్యొచ్చు. ఒకటి: ఇందులో ఏముంది? రెండు: దీన్ని ఎవరు వండారు? మొదటిది తిండి గురించిన ప్రశ్న. రెండోది మనిషి గురించిన ప్రశ్న. తెలుగునాట రెండో ప్రశ్నకు పాత చరిత్ర ఉంది. పల్లె టీ కొట్లో రెండు గ్లాసులు పెట్టింది ఆ ప్రశ్నే. బ్రిటిష్ రోజుల్లో రైల్వే స్టేషన్లలో హిందువుల నీళ్లు, ముసల్మానుల నీళ్లు అని వేరే కుండలు పెట్టించింది ఆ ప్రశ్నే. నీళ్లలో ఏముంటుంది, మాంసమా? ఉన్నదల్లా పోసే చెయ్యి.

ఇక్కడ మమ్మల్ని నిలదీసేవాళ్లు ఉంటారు. మీరు మాత్రం బోర్డు మీద ముస్లిం పేరుందా, గోడ మీద 786 ఉందా అని చూడరా, అది చేతిని అడగడం కాదా అని. సరైన ప్రశ్నే. దాటేయకుండా జవాబు చెప్పాలి. హలాల్‌లో కోసేవాడు ఎవరన్నది నియమంలో భాగం. కాబట్టి మాంసం దగ్గర "ఎవరు" అనేది "ఏముంది"లోనే ఇమిడి ఉంది. మా అడగడం అక్కడితో ఆగాలి. కోసేచోటు దాటి వండే చేతిదాకా, వడ్డించే చేతిదాకా, చాయ్ దాకా, రొట్టె దాకా, కూరగాయల బండి దాకా ఆ ప్రశ్నను లాగితే అది హలాల్ కాదు. అది కులం. ఇస్లాం పేరు పెట్టుకున్నంత మాత్రాన అంటరానితనం పవిత్రం కాదు. శాకాహారికీ ఇదే కొలత. నూనెలో కోడి వేయించారా అని అడగడం అతని హక్కు. వేయించిన మనిషి కోడి తినేవాడా అని అడగడం అతని హక్కు కాదు.

ఈ తేడా మన దేశంలో ఇవాళ ప్రాణాల మీదికి వచ్చిన తేడా. 2015 సెప్టెంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రి దగ్గర ఒక ముస్లిం ఇంట్లో ఏ మాంసం ఉందోనన్న అనుమానంతో గుంపు ఇంట్లో చొరబడి ఇంటాయన్ని కొట్టి చంపింది. అప్పుడు అడిగింది తాము తినబోయే తిండి గురించి కాదు. పరాయి వంటింట్లోని తిండి గురించి. 2024 జులైలో కావడి యాత్ర దారిలో తినుబండారాల దుకాణాలవాళ్లు యజమానుల పేర్లు రాసి పెట్టాలని ఆ రాష్ట్రంలో ఉత్తర్వులిచ్చారు. జులై 22న సుప్రీంకోర్టు వాటిని నిలిపేసింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో చెప్పమనొచ్చు, యజమాని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు అంది. ఏముంది అని అడగొచ్చు, ఎవరు అని అడగకూడదు. మేము పైన చెప్పింది కూడా ఇదే. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి మన మదనపల్లెవారు. తాను కేరళలో ఉన్నప్పుడు హిందువు నడిపే శాకాహార హోటలూ ముస్లిం నడిపే శాకాహార హోటలూ రెండూ ఉండేవనీ, తాను ముస్లిం హోటలుకే పోయేవాణ్ననీ విచారణలో ఆయన చెప్పారు. కారణం, ఆ యజమాని దుబాయ్ నుంచి తిరిగొచ్చినవాడు, శుభ్రత బాగా పాటించేవాడు, అన్నీ రాసి పెట్టేవాడు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన ముస్లిం ఊళ్లో శాకాహార హోటల్ పెడితే, అక్కడ ఒక న్యాయమూర్తి నిశ్చింతగా తిన్నాడు. ఎవరి చెయ్యి అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు వెతకనక్కర్లేదు.

రాజ్యం వేసే ముద్రలు కూడా ఒకసారి చూడాలి. మన దేశంలో పాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. శాకాహారి అనుమానం తీర్చడానికి చట్టం పెట్టిన గుర్తు అది. మంచిదే. గల్ఫ్‌లో కోడి మీద, మాంసం మీద హలాల్ ముద్ర ఉంటుంది. ముస్లిం అనుమానం తీరుస్తుంది. అదీ మంచిదే. ఏ రాజ్యం ఎవరి అనుమానాన్ని గౌరవిస్తుందో ముద్ర చూస్తే తెలుస్తుంది. అక్కడి మాంసానికి ఆకుపచ్చ చుక్క బెంగ లేదు, ఇక్కడి చట్టానికి హలాల్ బెంగ లేదు. 2023 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ సర్టిఫికెట్ ఉన్న సరుకుల తయారీ, నిల్వ, అమ్మకం నిషేధించింది. ఎగుమతికి మాత్రం మినహాయింపు ఇచ్చింది! అరబ్బువాడికి అమ్మేటప్పుడు హలాల్ వ్యాపారం, పక్కింటివాడికి అమ్మితే నేరం. గల్ఫ్ హోటల్లో మనవాడు "బీఫ్ ఉందా" అని భయంగా అడిగిన ఆ బీఫ్ మన దేశం నుంచి హలాల్ ముద్రతో ఓడెక్కి వచ్చిన బర్రె మాంసమైనా కావచ్చు.

ఇంతవరకూ మన దేశాన్ని అన్నాం. ఇప్పుడు అదే తక్కెడలో ముస్లిం దేశాన్ని పెట్టాలి. అలా పెట్టకపోతే మేము మాట్లాడేది న్యాయం కాదు, పక్షపాతం.

కువైట్‌లో 1968లో చేసిన 44వ నంబరు చట్టం ఉంది. రంజాన్ నెలలో పగటిపూట బయట నలుగురిలో తింటే, తాగితే వంద దినార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ. దుబాయ్‌లో పగలు తెరిచే హోటళ్లు తెరలు కట్టాలన్న నియమం ఉండేది. 2021లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేసినందుకు దుబాయ్‌లో ఎవరి రోజా చెడిపోలేదు. రోజా మాది. ఆకలి మేము ఎంచుకున్నది. ఎదుటివాడు గుక్కెడు నీళ్లు తాగితే బీటలు వారే రోజాకు జైలు కాపలా పెట్టినా ఏం లాభం? రోగికీ, ప్రయాణికుడికీ రోజా నుంచి అల్లాయే సడలింపు ఇచ్చాడు. అల్లా ఇచ్చిన సడలింపును పోలీసువాడు ఎలా లాక్కుంటాడు? నవరాత్రులకు మాంసం దుకాణాలు మూయించడం తప్పయితే, రంజాన్‌లో అన్నం తిన్నవాణ్ని జైల్లో పెట్టడమూ తప్పే. ఒకదాన్ని తప్పని, ఇంకోదాన్ని మా సంస్కృతి అనడం కుదరదు.

చట్టం చెయ్యలేని పని మెస్సు గదుల్లో మామూలు మనుషులు చేస్తూనే ఉన్నారు. పదిమంది కలిసి నెలకింత అని వేసుకుని వంతులవారీగా వండుకునే తెలుగు గదులు గల్ఫ్ నిండా ఉన్నాయి. రంజాన్‌లో సహెరీకి లేచేవాళ్ల కోసం హిందువు రాత్రే అన్నం వార్చి పెడతాడు. పగలు తన టిఫిన్ వంటగదిలో తిని వస్తాడు. ఎవరూ వాడికి జరిమానా చెప్పలేదు. వాడి శనివారానికి ముస్లిం భాయ్ పప్పూ వంకాయా వేరే గిన్నెలో వండుతాడు, గరిటె కూడా మార్చి. వాడికీ ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. భయంతో చేస్తే లొంగుబాటు అయ్యే పని, ఇష్టంతో చేస్తే మర్యాద అవుతుంది. పని ఒకటే, కానీ ఈ రెంటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది.

ఇది మాకు గల్ఫ్ నేర్పిందేమీ కాదు. తెలంగాణ పల్లెల్లో హిందువు ఇంట్లో పెద్ద విందు అయితే మేక కొయ్యడానికి ముల్లాను పిలిచే ఆనవాయితీ ఉంది. ఎందుకు? ఊళ్లో సాయిబులూ తినాలి కాబట్టి. దర్గాల దగ్గర కందూరు చేసేవాళ్లలో హిందువులు ఎందరో. మా పెళ్లిళ్లలో దావత్ పక్కనే వేరే పొయ్యి పెట్టించి శాకాహారం వండించడం ఇవాళ్టిది కాదు. చూడండి, ఇక్కడ అతిథి అడగలేదు. అతిథికి గొంతు తగ్గించాల్సిన అవసరమే రాలేదు. అడగాల్సిన ప్రశ్నను ఇంటివాడు ముందే తనకు తాను వేసుకున్నాడు. ఆతిథ్యమంటే ఇదే. హైదరాబాద్ హలీమ్‌నే చూడండి. హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులు తెచ్చిన హరీస్, మన మసాలాలు పూసుకుని హలీమ్ అయింది. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. ఇఫ్తార్ వేళ దాని బట్టీ ముందు వరసలో నిలబడేవాళ్లలో రోజా ఉన్నవాళ్లెందరో, లేనివాళ్లూ అందరే. పరాయి వంటకం ఇలా మన వంటకం కాగలిగింది, తినేవాణ్ని ఎవరూ పేరు అడగలేదు కాబట్టి.

ఇక జవాబు చెప్పేవాడి ధర్మం. మా దృష్టిలో ఇది అన్నిటికన్నా పెద్దది. "ఇందులో బీఫ్ ఉందా?" అని హిందువు అడిగితే ముస్లిం వెయిటర్ ఏం చెప్పాలి? బీఫ్ తినడం వెయిటర్ దృష్టిలో పాపం కాదు. అయినా నిజం చెప్పడం అతనికి ఫర్జ్. ఆ క్షణంలో అవతలివాడి నియమం ఇతని చేతిలో అమానత్. నమ్మి అప్పగించిన సొమ్ము. ఆ సొమ్ము విలువైందా కాదా అని లెక్కకట్టే హక్కు దాచిపెట్టినవాడికి లేదు. అప్పగించినట్టే తిరిగివ్వాలి. తెలియకపోతే తెలియదనాలి, లోపలికి పోయి కనుక్కుని రావాలి. తమాషాకు తినిపించి తర్వాత నవ్వేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, అన్ని మతాల్లోనూ ఉన్నారు. వాళ్లు దొంగిలించింది ఒక ముద్ద కాదు, ఒక మనిషి నమ్మకాన్ని. హైవే కౌంటర్ మీద తలెత్తకుండా "హలాలే" అనేసే అన్నకు కూడా మేము చెప్పేది ఇదే. నీకు మా నియమం మీద నమ్మకం ఉండనక్కర్లేదు, నీ మాట మీద నీకు గౌరవం ఉంటే చాలు.

చివరగా, అడగడానికి కూడా నోరు లేనివాళ్లు ఉన్నారు. కరామాలోనో సాల్మియాలోనో ఇడ్లీ సాంబారు దొరికే హోటళ్లు ఉన్నాయి, జీతం ఉన్నవాడికి. అబూధాబీలో 2024లో పెద్ద గుడి కూడా తెరిచారు, సెలవు దొరికినవాడికి. కానీ కువైట్ ఇళ్లల్లో ఖద్దామాగా పనిచేసే గోదావరి చెల్లెలు, కడప అక్క ఎవర్ని అడుగుతుంది? కఫీల్ ఇంట్లో మిగిలింది పళ్లెంలో పెడితే అందులో ఏముందని అడిగే చనువు ఎక్కడిది? హిందువయినా, క్రైస్తవురాలయినా, ముస్లిం అయినా ఆమె తినేది ఇచ్చింది. ఎడారిలో గొర్రెలు కాసేవాడు ఖుబుజ్ ముక్క నీళ్లలో ముంచుకు తింటూ హలాల్ గురించీ బీఫ్ గురించీ చర్చ పెట్టడు. తిండి నియమాన్ని పాటించడానికి కూడా కొంత స్వేచ్ఛ, కొంత కూలి, కొంత ధైర్యం కావాలి. మతం గురించి మాట్లాడుతూ కూలి గురించి మాట్లాడనివాళ్లు, కూలి గురించి మాట్లాడుతూ ఈ ముద్ద గురించి "ఇదొక సమస్యా" అని చప్పరించేవాళ్లు, ఇద్దరూ ఆమెను సగమే చూస్తున్నారు. ఆకలి తీరడం ఎంత అవసరమో, తన ఇష్టంతో తినడం మనిషికి అంతే అవసరం. జంతువుకీ మనిషికీ తిండి దగ్గర ఉన్న తేడా అదొక్కటే.

అందుకని మేము అడిగేది పెద్దదేమీ కాదు. అన్ని హోటళ్లూ హలాల్ చెయ్యమనడం లేదు. అన్ని దేశాల్లో అందరి వంటలూ వండి పెట్టమనడం లేదు. అడిగినవాడికి గొంతు తగ్గించాల్సిన అవసరం రాకూడదు. చెప్పేవాడు నిజం చెప్పాలి. ఏముందని అడగనివ్వాలి, ఎవరని అడగకూడదు. మన నియమం మన పళ్లెం అంచు దాటి పోకూడదు. దుబాయ్‌లో మా పక్క కుర్చీవాడికి ఇవి దక్కాలని మేము అంటున్నాం. హైవే మీద మాకు దక్కాలని అతను అనాలి. అతను అన్నా అనకపోయినా మేము మాత్రం అంటూనే ఉంటాం. ధర్మం ఇచ్చిపుచ్చుకునే బేరం కాదు కాబట్టి.